నర్సులకు కంప్యూటర్ రాదన్న రోజులు

నర్సులు కొత్తదాన్ని ఒప్పుకోరట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ మాట విన్నాను. టై కట్టుకున్నవాళ్లు అన్నారు, తెల్లకోటు వేసుకున్నవాళ్లు అన్నారు, సాఫ్ట్‌వేర్ అమ్ముకోవడానికి వచ్చినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రిటైరై కాప్రాలో ఇంటిపట్టున ఉంటున్నా ఆ మాట నన్ను వదల్లేదు. మొన్న మా పక్కవీధిలో ఉండే ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులు వచ్చి, "ఆంటీ, కాలేజీలో మాకు సెమినార్ ఇచ్చారు. నర్సుల్లో డిజిటల్ నైపుణ్యాలు ఎందుకు తక్కువ అన్నది టాపిక్" అన్నారు. తక్కువని ముందే తేల్చేశాక ఇంక సెమినార్ ఎందుకమ్మా అన్నాను. పిల్లలు బిక్కమొహం వేశారు. వాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు చదువుకోవచ్చు. వాళ్ల మేనేజర్లు చదివితే ఇంకా మంచిది.

మాది విజయనగరం. మా ఆయనకు సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం కావడంతో పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. స్టేషన్‌కి కాస్త దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరి, అక్కడే మగవాళ్ల మెడికల్ వార్డుకి ఇన్‌ఛార్జి సిస్టర్‌నయ్యాను. ఆస్పత్రి పేరు చెప్పను. ఇప్పుడది చేతులు మారింది, పేరు కూడా మారింది. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి, నా వీడ్కోలు సభలో కప్పిన శాలువా గురించి కూడా చెప్పను. శాలువాలు అందరికీ కప్పుతారు.

మాకు ఎవరు నేర్పారు?

నేను చేరిన కొత్తలో గాజు సిరంజిలు ఉడకబెట్టుకునేవాళ్లం. తర్వాత వాడి పారేసేవి వచ్చాయి. వేలు పొడిచి చక్కెర చూసే మిషన్ వచ్చింది, వేలికి తగిలిస్తే ఆక్సిజన్ చెప్పే క్లిప్పు వచ్చింది. వాచీ చూసుకుంటూ సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకునే మాకు, చుక్కలను తనే కొలిచి పంపే పంపు వచ్చింది. ఇవన్నీ కొత్తవి కాదా? వీటిని ఒప్పుకున్నది ఎవరు, మా ఆస్పత్రి యజమానా?

పంపు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కంపెనీ మనిషి కాన్ఫరెన్స్ హాల్లో డాక్టర్లకు సమోసాలు పెట్టి, పంపు ఎలా పనిచేస్తుందో చూపించాడు. డాక్టర్లు ఆ పంపును మళ్లీ ముట్టుకోలేదు. మాకు మాత్రం పంపు, దాని అట్టపెట్టె, అందులో చిన్న ఇంగ్లిషు పుస్తకం వచ్చాయి. సమోసా రాలేదు. మందుల ట్రాలీ మీద పుస్తకం తెరిచి పెట్టుకుని నిలబడే చదువుకున్నాం. ఏ కూతకు గొట్టంలో గాలి ఉన్నట్టు, ఏ కూతకు బ్యాటరీ అయిపోతున్నట్టు అన్నది వారం తిరక్కుండా మాకు వచ్చేసింది.

మాలో భయపడ్డవాళ్లు లేరని అబద్ధం చెప్పను. ఉన్నారు. మిషన్ పాడైతే జీతంలో కోస్తారన్న భయం అది. మిషన్‌ను చూసి పుట్టింది కాదు. ఈ తేడా తెలియనివాళ్లు నర్సుల గురించి సెమినార్లు పెడుతుంటారు.

తాళం వేసిన గది

ఆ తర్వాత ఊరికి కంప్యూటర్ పిచ్చి పట్టింది. అటు హైటెక్ సిటీ లేస్తోంది, ఇటు అమీర్‌పేటలో గోడ కనబడకుండా కోర్సుల బోర్డులు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లవాడికి ఏ లాంగ్వేజ్ వచ్చని అడిగేవారు, తెలుగు అని చెబితే సంబంధం తప్పిపోయేది. మా యజమానికీ ఆ గాలి సోకింది. ఒక పెద్ద హోటల్లో పనిచేసిన ఆయన్ని తెచ్చి అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టాడు. ఆయన వచ్చీ రాగానే ఆస్పత్రి మొత్తం కంప్యూటరైజ్ చేస్తానన్నాడు.

మంచిదే కదా, మేమూ సంబరపడ్డాం. నా వార్డులో సునంద అని ఒక నర్సు ఉండేది. బన్సీలాల్‌పేట్ పిల్ల. టైపు లోయర్, హయ్యర్ రెండూ పాసై, వాళ్ల వీధిలో కంప్యూటర్ సెంటర్‌లో కోర్సు కూడా చేసింది. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. "మేడమ్, ఇగ చార్టులు దేవులాడే తక్లీఫ్ పోతది. నేను అందరికీ నేర్పిస్త" అని నాతో అంది. ఆ మాటే నేను అడ్మినిస్ట్రేటర్‌కి చేరవేశాను. ఆయన నవ్వాడు.

"సిస్టర్, మీరు పేషెంట్లను చూసుకోండి. ఇది టెక్నికల్ పని. దీనికి స్టాఫ్‌ను వేరే తీసుకుంటున్నాం."

ప్రతి వార్డు చివరా ఒక ఏసీ గది కట్టారు. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. మా వార్డు గదిలో కిరణ్మయి అనే డిగ్రీ అమ్మాయిని ఆపరేటర్‌గా కూర్చోబెట్టారు. మేము మందు ఇచ్చి చార్టులో రాస్తే, చార్టును ఆ గదికి పంపాలి. ఆమె కంప్యూటర్లో ఎక్కించాక చార్టు తిరిగి వస్తుంది. మా టేబుల్ మీద కూడా ఒక స్క్రీన్ పెట్టారు. ఇచ్చిన మందు పచ్చగా, ఇవ్వాల్సింది ఎర్రగా కనబడుతుంది. చూడటానికి మాత్రమే. నర్సులు ఏదో ఒకటి నొక్కి పాడుచేస్తారని దానికి కీబోర్డు తగిలించలేదు. దసరాకి కంప్యూటర్లకు బొట్లు పెట్టి పూజ చేసి, ప్రసాదం మాకు పంపారు. పూజకు పిలవలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నర్సుల్లో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ దిగే నర్సు, డ్యూటీ ఎక్కే నర్సు ఇద్దరూ ప్రతి మంచం దగ్గరా నిలబడి, ఈయనకు ఇది ఇచ్చాను, ఇది ఇవ్వలేదు, ఈయన రాత్రంతా దగ్గాడు అని నోటితో అప్పగించుకుంటారు. పేషెంటు వింటుంటాడు. తప్పుంటే తనే దిద్దుతాడు. ఎవరు కనిపెట్టారో గానీ దీన్ని మించిన పద్ధతిని నేను చూడలేదు. అడ్మినిస్ట్రేటర్‌కి అది కబుర్లు చెప్పుకోవడంలా అనిపించింది. ఇకమీదట మంచం దగ్గర అప్పగింతలు ఉండవు, స్క్రీన్ చూసి డ్యూటీ తీసుకోవాలి, డ్యూటీ అయినవాళ్లు వెంటనే బస్సెక్కాలి అని ఆర్డర్ వేశాడు. నేను అభ్యంతరం చెప్పాను. "మీరు మారాలి సిస్టర్" అన్నాడు. నాకు కోపం వస్తే నోట్లోంచి విజయనగరం ఊడిపడుతుంది. "ఏటండీ మారేది?" అన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు.

యాదగిరి గారికి రెండు సూదులు

తిరుమలగిరిలో వెల్డింగ్ షాపు నడిపే యాదగిరి గారు కాలి పుండుతో మా వార్డులో చేరారు. చక్కెర వ్యాధి ముదిరిన మనిషి. ఇన్సులిన్‌తో పాటు రోజుకు ఇంకేవో సూదులు కూడా పడుతుండేవి.

ఒక మధ్యాహ్నం సునంద డ్యూటీ ఎక్కింది. నాకు ఆ రోజు సెలవు. స్క్రీన్ మీద యాదగిరి గారి మధ్యాహ్నం ఇన్సులిన్ ఎర్రగా ఉంది. అంటే ఇవ్వలేదని. పొద్దుటి నర్సు భోజనానికి ముందే ఇచ్చి, చార్టులో రాసి, ఆర్డర్ ప్రకారం చార్టును ఏసీ గదికి పంపి బస్సెక్కేసింది. చార్టు ఆ గదిలో గుట్ట అడుగున ఉంది. కిరణ్మయి భోజనానికి వెళ్తూ తలుపుకి తాళం వేసుకుంది, అది కూడా ఆర్డరే.

సునంద గుడ్డిగా ఇవ్వలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. యాదగిరి గారిని అడిగింది. "ఏందో సూది ఇచ్చిన్రు బిడ్డా, అది ఏ సూదో నాకేం ఎరుక" అన్నారాయన. ఏసీ గదికి వెళ్తే తాళం. వేలు పొడిచి చక్కెర చూస్తే ఎక్కువే ఉంది, అప్పుడే అన్నం తిన్నారు కాబట్టి. అప్పుడు డాక్టర్ మురళీధర్‌కి ఫోన్ చేసింది. వార్డు పేషెంట్లందరినీ చూసే ఫిజీషియన్ ఆయనే. "స్క్రీన్ మీద ఏముంది? ఎర్రగా ఉంటే ఇచ్చేయండి" అని పెట్టేశారు. సునంద ఇచ్చింది.

సాయంత్రం కాకముందే యాదగిరి గారికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. ఏం జరిగిందో మొదట పసిగట్టింది సునందే. ఎవరి ఆర్డర్ కోసమూ ఆగకుండా గ్లూకోజ్ ఎక్కించి, ఆయన కళ్లు తెరిచి తిట్టేదాకా పక్కనుంచి కదల్లేదు. ఒకరు తిడితే అంత సంతోషం ఎప్పుడూ కలగలేదని నాతో చెప్పి ఏడ్చింది. ఆ పిల్ల ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

యాదగిరి గారి కొడుకు ఆస్పత్రి లేచిపోయేలా అరిచాడు. అరవడూ మరి? మర్నాటికల్లా సునందను డ్యూటీ నుంచి తీసేసి, విచారణ అన్నారు.

ఒక చిన్న అబద్ధం

విచారణకు అడ్మినిస్ట్రేటర్, డాక్టర్ మురళీధర్ కూర్చున్నారు. నన్నూ పిలిచారు. కిరణ్మయిని అడిగితే ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. "చార్టులు గుట్టగా వస్తయ్ సర్. వీలైనప్పుడు ఎక్కిస్త. నేను ఎప్పుడు ఎక్కిస్తే అప్పుడే మందు ఇచ్చినట్టు టైము పడుతది. అది కంప్యూటరే వేసుకుంటది, నేను మార్చలేను." అంతకంటే ఏం కావాలి? ఇచ్చినవాళ్ల చేతిలో రాత లేదు, రాసినవాళ్లు ఇవ్వడం చూడలేదు. తప్పు అక్కడుంది.

ఫోన్ సంగతి వచ్చేసరికి డాక్టర్ మురళీధర్, "రోజుకు ఎన్నో కాల్స్ వస్తాయి, సరిగా ఏమన్నానో గుర్తులేదు" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. పేషెంట్లను ప్రాణంగా చూసుకునేవారు. కానీ ఆ రోజు ఆయనకు గుర్తులేకపోవడం సునందకు ఉద్యోగమంత ఖరీదైంది. నాకు ఆయన మీద ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు.

అడ్మినిస్ట్రేటర్ తెలివైనవాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పుందంటే యజమాని ముందు తన పరువు పోతుంది. అందుకని మెత్తగా ఒక దారి చూపించాడు. "సునందా, నిన్ను పంపించేయాలని మాకూ లేదు. కంప్యూటర్ పరిజ్ఞానం లేకపోవడం వల్ల స్క్రీన్ అర్థం కాక పొరపాటు జరిగిందని రాసివ్వు. ట్రైనింగ్ ఇప్పిస్తాం, రేపే డ్యూటీలో చేరొచ్చు. మీరూ సంతకం పెట్టండి సిస్టర్."

నేను సునంద వైపు చూశాను. ఆమె భర్తకు అప్పుడు పని లేదు. ఇద్దరు పిల్లలు. రాసిచ్చెయ్యి అని నేను అనలేను, రాయొద్దని అనడానికీ నాకు హక్కు లేదు.

"నాకు కంప్యూటర్ వస్తది సర్" అంది సునంద. "స్క్రీన్ నాకు మంచిగనే అర్థమైంది. తప్పు చూపిచ్చింది స్క్రీను. నాకు రాదని నేనెట్ల రాయాలె?"

"అది ఫార్మాలిటీ అమ్మా."

"గా ఫార్మాలిటీతోనే రేపు అందరు నర్సులకు రాదంటరు. గిట్లనే ఇంకో యాదగిరి సార్‌కు రెండు సూదులు పడతయ్. నేను రాయ."

నేనూ సంతకం పెట్టనన్నాను. సునందను ఇంట్లో కూర్చోబెట్టారు. విచారణ ముగిసేదాకా జీతం లేదు, విచారణ ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పరు. ఆ రోజు ఇంటికెళ్లి వంటగదిలో గిన్నెలన్నీ దడదడా పడేశాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "అడ్మినిస్ట్రేటర్ గిన్నెల్లో ఉన్నాడా?" అన్నారు. నవ్వలేకపోయాను.

మర్నాటి నుంచి నా వార్డులో మంచం దగ్గర అప్పగింత మళ్లీ మొదలుపెట్టించాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ఇంకోటి ఇచ్చారు, అదీ తీసుకున్నాను. యాదగిరి గారు ప్రతి అప్పగింతలోనూ గొంతు పెంచి, "నాకు సూది పడ్డది, ఇను బిడ్డా, పడ్డది!" అని వార్డంతా వినిపించేలా చెప్పేవారు. కొడుకుని కూడా ఆయనే అడ్మినిస్ట్రేటర్ దగ్గరికి పంపారు. "మా నాయన ఆ సిస్టర్‌నే పిలువుమంటున్నడు. నన్ను బతికిచ్చింది ఆమెనే అంటున్నడు" అని అతను చెప్పి వచ్చాడు. అడ్మినిస్ట్రేటర్ చూద్దామన్నాడు.

ఆపరేటర్లు వెళ్లిపోయారు

మాకు న్యాయం చేసింది న్యాయం కాదు, హైటెక్ సిటీ. అమెరికా డాక్టర్లు మాట్లాడి పంపిన టేపులు విని టైపు చేసే కంపెనీలు అప్పుడే ఊళ్లో వీధికొకటి వెలుస్తున్నాయి. ఇంజెక్షన్ల పేర్లు, జబ్బుల పేర్లు తెలిసి, వేగంగా టైపు చేయగలిగినవాళ్లు కావాలి వాళ్లకి. మా ఆపరేటర్లు అచ్చం అలాంటివాళ్లే, పైగా ఆ పేర్లు నేర్పింది మా చార్టులే. ముందు కిరణ్మయి వెళ్లింది. పోతూ నాకు స్వీట్ పెట్టి, "సునంద అక్కకు సారీ చెప్పుండ్రి మేడమ్" అంది. నీ తప్పేముందమ్మా అని దీవించి పంపాను. ఆ వెంటే మిగతా వార్డుల ఆపరేటర్లూ ఒకరొకరే వెళ్లిపోయారు. ఏసీ గదుల్లో ఏసీలు మాత్రం మిగిలాయి. చార్టులు గుట్టలు పడ్డాయి, బిల్లులు ఆగిపోయాయి. బిల్లు ఆగితే గానీ ప్రైవేటు ఆస్పత్రికి నొప్పి తెలియదు.

అడ్మినిస్ట్రేటర్ మా వార్డుకి నడిచి వచ్చాడు. ఆయన్ని వార్డులో చూడటం అదే మొదలు.

"సిస్టర్, మీ నర్సులు డైరెక్టుగా ఎంట్రీ చేయగలరా?"

"నర్సులకు కంప్యూటర్ రాదు కదండీ?" అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

ఆయన మొహం మాడ్చుకున్నాడు. అప్పుడు నా షరతులు చెప్పాను. ప్రతి నర్సుకీ సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఉండాలి. వార్డుకి ఒకటి ఇచ్చి అందరూ వాడుకోండి అంటే కుదరదు. మందు ఎప్పుడు ఇచ్చామో ఆ టైము మేమే వేయాలి. మంచం దగ్గర అప్పగింత ఉండాలి. డాక్టర్లు ఫోన్లో చెప్పినా, ఎదురుగా చెప్పినా, వాళ్ల పేరుతో వాళ్లే వచ్చి ఎక్కించాలి. ఇవన్నీ నేర్పడానికి సునంద రావాలి, ఆగిన జీతంతో, మచ్చ లేకుండా.

"ఇన్ని షరతులా? మీరు కోఆపరేట్ చేయడం లేదు సిస్టర్."

"ఇదే కోఆపరేషనండీ. ఇష్టం లేకపోతే మళ్లీ ఆపరేటర్లను వెతుక్కోండి. అమీర్‌పేటలో దొరుకుతారేమో."

దొరకలేదు. సునంద తిరిగి వచ్చింది.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒకటే చెప్తాను. ఇప్పుడు మీ చేతికి ట్యాబ్లెట్లు ఇస్తారు, రేపు ఇంకేదో ఇస్తారు. భయపడకండి, తీసుకోండి, అందరికంటే ముందు నేర్చుకోండి. కానీ ఇచ్చినవాణ్ని నిలబెట్టి అడగండి. దీన్ని తయారుచేసేటప్పుడు ఒక్క నర్సునైనా అడిగారా? ఇందులో తప్పు పడితే దిద్దేది ఎవరు, మాట పడేది ఎవరు? జవాబు నచ్చకపోతే గొడవ పెట్టుకోండి. మీరు కొత్తదాన్ని ఒప్పుకోరని అంటారు. అననివ్వండి. నన్ను ముప్ఫై ఏళ్లు అన్నారు, నాకేమీ కాలేదు.

కొత్త పద్ధతి మొదలైన పొద్దున డాక్టర్ మురళీధర్ రౌండ్స్‌కి వచ్చారు. మా టేబుల్ మీది స్క్రీన్‌కి కీబోర్డు తగిలించి ఉంది. ముందు సునంద కూర్చుంది. మేమంతా చుట్టూ ఉన్నాం. యాదగిరి గారు ఇంటికి వెళ్లిపోయి, ఆ మంచంలోకి ఇంకో చక్కెర రోగి వచ్చి ఉన్నాడు. డాక్టర్ గారు అతన్ని చూసి, ఇన్సులిన్ మోతాదు మార్చాలన్నారు. తర్వాత వాచీ చూసుకుని, సునంద మొహంలోకి చూడకుండానే, "నా పాస్‌వర్డ్ నీకు చెప్తాను సునందా, నా పేరుతో నువ్వే ఎక్కించేయ్. నాకు ఓపీ టైమైంది" అన్నారు.

"నాకు చెప్పకుండ్రి సర్" అంది సునంద. "మీ పేరు మీద నేను రాయ."

డాక్టర్ గారి మొహం ఎర్రబడింది. తర్వాత, మాకు మాత్రమే వినబడేంత మెల్లగా, "నాకు టైపింగ్ రాదమ్మా" అన్నారు.

సునంద కుర్చీలోంచి లేచింది.

"వస్తది సర్. కూసోండ్రి, చూపిస్త."

ఆయన కూర్చున్నారు. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఇన్సులిన్ అని కొట్టారు. సునంద పక్కన నిలబడి, తర్వాతి అక్షరం ఎక్కడుందో చూపిస్తూ వచ్చింది. చాలాసేపు పట్టింది. మేమెవరమూ నవ్వలేదు.